సీసం పోసి కట్టిన కోట

అడాజన్ ఒడ్డు నుంచి చూస్తే కనబడే సూరత్ ఖిల్లాకు, మన బందరు కోటకు చుట్టరికం ఉంది. ఆ రెంటిలో ఒకటి మళ్లీ లేచి నిలబడింది. ఇంకొకటి ఇంకా ఎదురు చూస్తోంది.

సాయంత్రం పాటు వేళ. నీళ్లు సముద్రం వైపు లాక్కుపోతుంటే అడాజన్ ఒడ్డున నల్లటి బురద కొద్దికొద్దిగా బయటపడుతోంది. ఇక్కడి వాళ్లు తాపీ అంటారు, మన పుస్తకాల్లో తపతి. సముద్రం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్నా, దాని పాటూ పోటూ ఇక్కడి దాకా తెలుస్తూనే ఉంటాయి. ఎదురుగా, నెహ్రూ వంతెన అవతలి కొసన, చౌక్ బజార్ సందడిని ఆనుకుని గుండ్రటి బురుజులు. వంతెన మీద బళ్లు ఆగకుండా పోతున్నాయి. ఆ బురుజుల వైపు తల తిప్పి చూసేవాళ్లు తక్కువ.

నా పక్కన గట్టు మీద కూర్చున్న పెద్దాయనది కరీంనగర్ వైపు పల్లె. కుర్రతనంలో సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపారు. ఇప్పుడు కొడుకు దగ్గర అడాజన్‌లో ఉంటున్నారు. ఆ కోట లోపలికి ఎప్పుడైనా వెళ్లారా బాబాయిగారూ అని అడిగాను.

"నలభై ఏండ్ల సంది జూస్తున్న బిడ్డా. లోపటికి ఎన్నడు పోలె. సర్కారు ఆఫీసులుండె గదా, మనకేం పని అనుకున్న" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మాది బందరు పక్క ఊరు. బందరు కోట గురించి మా ఊళ్లో ఎవరినడిగినా దాదాపు ఇదే జవాబు వచ్చేది. కోట అక్కడ ఉందని అందరికీ తెలుసు. అది ఎందుకుందో ఎవరూ అడగరు. అందుకే ఈ కథ రాయాలనిపించింది.

ముందుగా ఒక మాట సంగతి. మనం ఫిరంగి అంటాం. అది ఫరంగీల నుంచి, అంటే సముద్రం దాటి వచ్చిన ఐరోపా వాళ్ల పేరు నుంచి పుట్టింది. మనిషి పేరు ఆయుధానికి అంటుకుపోయింది. తుపాకి మాట తురుష్క భాష నుంచి వచ్చింది. తోపు కూడా అటు నుంచి వచ్చిందే. పదహారో శతాబ్దంలో హిందూ మహాసముద్రం మీద పోర్చుగీసులకు, తురుష్కులకు జరిగిన పోరు మన నిఘంటువులోకి ఇలా చేరింది. సూరత్ ఖిల్లా ఆ పోరులో పుట్టిన కోట.

అడాజన్‌కు ఆనుకునే రాందేర్ ఉంది. ఇప్పుడు సూరత్ నగరంలో కలిసిపోయిన పేట అది. అయిదు వందల ఏళ్ల కిందట సూరత్ కంటే పేరున్న రేవు. అక్కడి ముస్లిం వర్తకుల ఓడలు మలక్కాకు, పెగూకు, సుమత్రాకు వెళ్లేవి. 1510ల్లో ఈ తీరం గురించి రాసిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తె బర్బోజా రాందేర్ ఇళ్లను కూడా వర్ణించాడు. ముందు గది గోడల పొడుగునా అరలు కట్టి, వాటి నిండా చైనా పింగాణీ పాత్రలు సర్ది ఉంచేవాళ్లట. అంగట్లో కొట్టు సర్దినట్టు. ఓడ క్షేమంగా తిరిగొచ్చిందని ఇంటికొచ్చిన వాళ్లకు అంతకంటే బాగా చెప్పే పద్ధతి ఏముంటుంది?

ఆ ఇళ్లు తగలబడ్డాయి. మన పెద్దలు బుడతకీచులు అని పిలిచిన ఆ పోర్చుగీసులు 1512లోనే సూరత్ మీద పడ్డారు. 1530లో అంతోనియు ద సిల్వైరా నౌకాదళంతో తపతిలోకి వచ్చి సూరత్‌ను కాల్చి, ఆ పైన ఇవతలి ఒడ్డున రాందేర్‌ను కాల్చాడు. మరుసటి ఏడు మళ్లీ దాడి. నది నోరు తెరిచి ఉంది, కాపలా లేదు. పోటుతో పాటు పైకి రావడం, కొల్లగొట్టి నిప్పు పెట్టడం, పాటుతో పాటు దిగిపోవడం. మూడుసార్లు అదే జరిగింది.

అప్పుడు గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ గట్టి కోట కట్టమన్నాడు. కట్టించినవాడు ఖుదావంద్ ఖాన్. అది బిరుదు. అసలు మనిషి ఖ్వాజా సఫర్ అని, సఫీ ఆగా అని చరిత్రకారులు చెబుతారు. ఇటలీ దక్షిణపు కొసన పుట్టి, తురుష్కుల కొలువు చేసి, గుజరాత్‌లో స్థిరపడ్డవాడు. ఫరంగీల ఓడలూ ఫిరంగులూ ఎలా పనిచేస్తాయో దగ్గర నుంచి చూసినవాడు. 1540ల్లో పని సాగింది, 1546 నాటికి కోట పూర్తయింది. అదే ఏడు ఆయన దీవు (డయ్యూ) ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. తాను కట్టిన గోడ మీద గుండు పడే రోజు ఆయన చూడలేదు.

కోట చిన్నది. అంతా కలిపి ఎకరం నేల. గోల్కొండ, వరంగల్లు చూసిన కళ్లకు ఇదేం కోట అనిపిస్తుంది. రాజు కాపురానికి, ఏనుగుల శాలలకు, దర్బారులకు కట్టింది కాదిది. ఫిరంగులు నిలపడానికి కట్టింది. నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, ఒక్కొక్కటి పన్నెండు మీటర్ల ఎత్తు. గోడ మందం నాలుగు మీటర్ల పైన. ఒక పక్క నది. నేల ఉన్న వైపు నీళ్లు ఊరేదాకా తవ్విన అగడ్త, ఇరవై గజాల వెడల్పు.

అక్బరు కాలపు చరిత్రకారుడు నిజాముద్దీన్ అహ్మద్ ఈ గోడ కట్టిన తీరు రాసి పెట్టాడు. ఒక రాయిని పక్క రాయితో ఇనుప బద్దెలతో బిగించి, సందుల్లో సీసం కరిగించి పోశారట. ఈ పని ఎందుకో ఇళ్లు కట్టే మేస్త్రీని అడిగితే చెబుతాడు. సున్నం అతుకు గట్టిదే, కానీ బరువైన గుండు దెబ్బకు పొడిగా పగులుతుంది. ఒక రాయి కదిలితే పై వరసంతా జారుతుంది. ఇనుము రాళ్లను జారనివ్వదు. సీసం మెత్తటి లోహం, అదురును తనలోకి తీసుకుంటుంది, ఇనుము చుట్టూ నీరు చేరనివ్వకుండా కప్పుతుంది. నది పక్కన, ఉప్పు గాలిలో, నాలుగున్నర శతాబ్దాలు దాటి ఒక గోడ నిలబడిందంటే ఆ కొలిమి దగ్గర కూర్చుని సీసం కరిగించిన చేతులకు దండం పెట్టాలి. వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.

కోట లేస్తుంటే పోర్చుగీసులు ఊరికే కూర్చోలేదు. ఓడలతో అడ్డుకోబోయారు, కుదరలేదు. చివరికి డబ్బు ఆశ చూపారు. మొత్తం కోట మానకపోయినా బురుజు మీద కట్టబోయే చౌకండీ అనే మండపం ఒక్కటి మానుకొమ్మని, అది తమ దేశపు పద్ధతి అని, అడిగినంత సొమ్ము ఇస్తామని రాయబారం పంపారట. ఖుదావంద్ ఖాన్ సొమ్ము వద్దన్నాడు, చౌకండీ కట్టించాడు.

ఇక ఫిరంగులు. 1538లో తురుష్క సేనాని సులేమాన్ పాషా సూయెజ్ నుంచి పెద్ద నౌకాదళంతో దీవు మీదికి వచ్చి, గెలవలేక వెనుదిరిగాడు. అంత బరువు మళ్లీ ఓడలకెక్కించలేక పెద్ద ఫిరంగులు గుజరాత్ తీరంలోనే వదిలిపోయాడు. ఖుదావంద్ ఖాన్ వాటిలో కొన్నింటిని తెప్పించి సూరత్ బురుజులకెక్కించాడు. సులేమానీ ఫిరంగులని వాటికి పేరు.

1573 జనవరిలో అక్బరు స్వయంగా వచ్చి ఈ కోటను ముట్టడించాడు. ముందుగా తోడరమల్లును పంపి కోట బలం చూసి రమ్మన్నాడు. ఆయన ఇదేమంత కష్టం కాదన్నాడు. అయినా నెలా పదిహేడు రోజులు పట్టింది. మట్టి దిబ్బలు పోసి వాటి మీద ఫిరంగులెక్కించారు, గోడ కిందికి సొరంగాలు తవ్వారు. లోపల కోటను పట్టుకున్నవాడు హంజబాన్, ఒకప్పుడు అక్బరు తండ్రి హుమాయూన్ కొలువులో ఉన్నవాడే. ఫిబ్రవరి చివర లొంగిపోయాడు. అందరికీ ప్రాణభిక్ష దొరికింది. ముట్టడిలో నోరు పారేసుకున్నందుకు హంజబాన్ నాలుక మాత్రం కోయించారు. అక్బరు లోపలికి వెళ్లి సులేమానీ ఫిరంగులు చూసి, ఇన్ని ఇక్కడెందుకని కొన్నింటిని ఆగ్రాకు పంపమన్నాడు.

మొగలుల కాలంలో సూరత్ ఎంత పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు. హజ్ యాత్రకు పోయే ఓడలు ఇక్కడి నుంచే కదిలేవి. ఊరికి ఒక అధికారి, కోటకు వేరే ఖిల్లేదారు, ఒకరి మాట మీద ఇంకొకరికి అధికారం లేదు. ఢిల్లీ కావాలనే అలా ఏర్పాటు చేసింది. ఊరి సంపద చేతిలో ఉన్నవాడి చేతికే ఫిరంగులు కూడా ఇస్తే ఏమవుతుందో పాదుషాలకు తెలుసు. 1664 జనవరిలో శివాజీ సేన సూరత్‌లోకి దిగినప్పుడు ఊరిని ఏలే ఇనాయత్ ఖాన్ పరుగెత్తి కోటలో దాక్కున్నాడు. బురుజుల మీది ఫిరంగులు పేలాయి గానీ ఆ గుళ్లు సొంత ఊరి ఇళ్ల మీదే ఎక్కువ పడ్డాయి. నాలుగు రోజులు ఊరు దోపిడీ అయింది. నదిలోంచి వచ్చే శత్రువు కోసం కట్టిన కోట, నేల మీంచి వచ్చిన శత్రువును ఆపలేకపోయింది. ఊరి చుట్టూ ఇటుక గోడ ఆ తర్వాత లేచింది.

బందరు కథ కలిసేది ఇక్కడే.

ఇంగ్లీషు వర్తకులు మన తూర్పు తీరాన మచిలీపట్నంలో, అంటే మన బందరులో, కొట్టు పెట్టింది 1611లో. సూరత్ రేవుకు వాళ్ల ఓడలు మళ్లీ వచ్చి, పక్కన సువాలీ దగ్గర పోర్చుగీసులను ఓడించి, వ్యాపారానికి అనుమతి సంపాదించింది 1612లో. ఏడాది తేడా. వలందులు రెండు చోట్లా ఉన్నారు. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం, మొగలుల రేవు సూరత్. రెంటికీ ఊపిరి బట్టే. అక్కడ కలంకారీ అద్దకం, ఇక్కడ పట్టు, జరీ. ఒకే మూటల కోసం ఒకే జాతుల వాళ్లు రెండు తీరాల్లోనూ కొట్టుకున్నారు. బందరులో ఇప్పటికీ పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, వలందులంటే డచ్చివాళ్లు. ఆ పేటల్లో పుట్టిన పిల్లలకు ఈ మాట ఎవరైనా చెబుతున్నారో లేదో.

1759 మార్చి 4న సూరత్ ఖిల్లా ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. అప్పటిదాకా దాన్ని పట్టుకున్న సిద్దీలను బొంబాయి నుంచి వచ్చిన దండు దించింది. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 7 రాత్రి తెల్లవారి 8న, బందరు కోట కూడా వాళ్ల చేతికే చిక్కింది.

ఆ రాత్రి గురించి కొంచెం చెప్పాలి. బందరు కోట ఊరికి దూరంగా, ఉప్పు బురద నేలల మధ్య ఉంటుంది. ఎగుడుదిగుడు నలుచదరం, పదకొండు బురుజులు, చుట్టూ నీళ్ల అగడ్త. లోపల కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఫ్రెంచి దండు. బయట చందుర్తి యుద్ధం గెలిచి వచ్చిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు. ఆయన దగ్గర జీతాలకు డబ్బు లేదు, తెల్ల సైనికులు కదలమని మొరాయించారు. తుపాకి మందు రెండు రోజులకు మించి రాదు. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చేశాడు. వెనక్కి పోయే దారి లేదు. అర్ధరాత్రి పాటు వేళ చూసుకుని ఒక దండును నైరుతి వైపు బురదలోకి దించి అక్కడ అలజడి చేయించాడు. ఫ్రెంచివాళ్లు అటు చూస్తుండగా అసలు దండు నడుముల్లోతు బురద తొక్కుకుంటూ ఈశాన్య మూల కమీలియన్ బురుజు ఎక్కింది. తెల్లారేసరికి లొంగినవాళ్లు గెలిచినవాళ్ల కంటే ఎక్కువ మంది. మే నెలలో సలాబత్ జంగ్ సంధి రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివాళ్ల పెత్తనం ఆ బురద రాత్రితో తీరిపోయింది. కృష్ణా, గోదావరి జిల్లాల తలరాత మారిందంటే అక్కడే మారింది.

ప్లాసీ గురించి మన పిల్లలు బడిలో చదువుతారు. అదే పాఠంలో బందరు కోటకు ఒక్క పేరా కూడా దక్కకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

సూరత్‌లో కంపెనీ ఖిల్లా పట్టుకున్నా, చాలా ఏళ్లు దాని మీద రెండు జెండాలు ఎగిరాయి. ఒక బురుజు మీద ఇంగ్లీషు జెండా, ఇంకో బురుజు మీద మొగలు జెండా. కాగితం మీద కంపెనీ పాదుషాకు ఖిల్లేదారు. 1800లో నవాబుతో ఒప్పందం రాయించుకుని ఊరంతా తీసుకున్నాక ఆ వేషం అవసరం తీరింది. నది మేట వేసింది, వ్యాపారం బొంబాయికి తరలింది. 1862లో దండును ఎత్తేశారు. బురుజుల కింది గదుల్లోకి రెవెన్యూ గుమాస్తాలు, పోలీసు బంట్రోతులు వచ్చారు.

బందరులో దండును గుమాస్తాలు సాగనంపలేదు, సముద్రం సాగనంపింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు పదమూడు అడుగుల ఉప్పెన లేచింది. ముప్పై వేల మంది పోయారని లెక్క. ఆ తర్వాత కోటలో దండు ఉంచలేదు. 1759లో నెల తేడాతో ఒకే చేతికి వచ్చిన రెండు కోటలు, రెండేళ్ల తేడాతో ఖాళీ అయ్యాయి.

ఆ పైన కథ పాడుబడ్డ కట్టడాలన్నింటిదీ. సూరత్ ఖిల్లా లోపల ఒక కాలంలో ఒక ఆఫీసు, ఇంకో కాలంలో ఇంకో ఆఫీసు. కావలసిన చోట కిటికీ కొట్టారు, వద్దనుకున్న చోట ఇటుక కట్టి మూశారు. రాతి మీద సిమెంటు పూశారు. అగడ్త పూడిపోయి నేలలో కలిసిపోయింది. బురుజుల పగుళ్లలో రావి మొలిచింది. ఫిరంగి గుండు చేయలేని పని రావి వేరు చేస్తుంది. సీసం పోసిన సందులోకి కూడా దారి వెతుక్కుంటుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి దాదాపు తొమ్మిది లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు తపతి ఊరంతా పరుచుకుంది. అడాజన్‌లో జనం మేడల మీదికెక్కి రోజులు లెక్కపెట్టారు. ఆ వరదలోనూ ఖిల్లా తన చోటు వదల్లేదు.

తర్వాత సూరత్ నగరపాలక సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుని, ఆఫీసులు ఖాళీ చేయించి, దశలవారీగా బాగుచేయించింది. పూడిపోయిన అగడ్తను తవ్వి బయటపెట్టారు. తర్వాతి వాళ్లు అంటించిన కట్టడాలను విడదీసి, పాత గోడను సున్నంతో చక్కదిద్దారు. గదులను మ్యూజియం చేశారు. పని మొత్తం నాకు నచ్చిందని చెప్పను. కొన్ని చోట్ల గోడ మరీ కొత్తగా, నున్నగా ఉంది. వయసు తెలియాల్సిన చోట వయసు తుడిచేశారనిపించింది. అయినా ఒక్క మాట మీద నిలబడతాను: జనం టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లే కోట కూలిపోదు. దాని తలుపు ఊడితే అడిగేవాళ్లుంటారు.

మర్నాడు పొద్దున పెద్దాయనను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాను. అగడ్త మీది వంతెన దాటుతుంటే ఆయన రెండుసార్లు ఆగి కిందికి చూశారు. బురుజు మెట్లెక్కడానికి మోకాళ్లు సహకరించలేదు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. పైకి చేరాక నది వైపు తిరిగి, చేత్తో అడాజన్ వైపు చూపించి, తన కొడుకు ఇల్లు ఎటుందో వెతుక్కున్నారు. దొరకలేదు. గోడ మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచారు. "రాయి సల్లగున్నది" అన్నారు. నేత పనివాళ్ల చేతులవి. ఏ వస్తువునైనా ముందు తాకి చూస్తాయి.

సూరత్‌లో తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారని అక్కడి మనవాళ్లు చెప్పుకుంటారు. లెక్క ఎంతైనా, నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం నడుస్తోందంటే ఆ ఉనికి ఎంత గట్టిదో తెలుస్తుంది. ఎక్కువ మంది వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మగ్గం చేతపట్టుకుని వచ్చిన పద్మశాలీలు. ఈ ఊరి చీర మీద వాళ్ల చెమట ఉంది. ఈ ఊరి కోట కూడా వాళ్లదే అనుకోవడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. అక్కడి తెలుగు బడుల పంతుళ్లు ఒక పూట పిల్లలను చౌక్ బజార్ తీసుకెళ్లి, బురుజు మీద నిలబెట్టి, ఫిరంగి మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే ఎంత బాగుంటుంది.

ఇక బందరు. ఊరి నుంచి గిలకలదిండి వైపు వెళ్లే దారిలో కోట ఉన్న చోటుకు బందరు కోట అనే పేరు మిగిలింది. పాత ఆయుధాగారపు కమానులు, కప్పుల్లేని గదులు, మొండి గోడలు మిగిలాయి. ఉప్పు గాలికి ఇటుక పొడిపొడిగా రాలుతుంది, వేలితో గీస్తే రాలిపోతుంది. చిన్నప్పుడు మేం అక్కడ దాగుడుమూతలాడాం. అది ఏ చోటో మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అదే తీరాన కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి. రోడ్లు వేస్తున్నారు, లారీలు తిరుగుతున్నాయి. మచిలీపట్నం మళ్లీ రేవు అవుతుందంటే బందరువాడిగా నాకంటే సంతోషించేవాళ్లుండరు.

ఆ పోర్టు ఖర్చులో ఇసుమంత ఈ గోడలకు పెట్టండి. ముందు రావి మొలకలు పీకించండి. కప్పు లేని గదుల్లో వాన నీళ్లు నిలవకుండా చూడండి. సిమెంటు పూయకండి, సున్నం తెలిసిన మేస్త్రీలను పిలవండి. గేటు దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టి, 1759 ఏప్రిల్ రాత్రి, 1864 నవంబరు రాత్రి ఇక్కడ ఏం జరిగిందో పది వాక్యాల్లో రాయండి. బందరు లడ్డూ కొనుక్కోవడానికి, మంగినపూడి తీరానికి కార్లలో వచ్చేవాళ్లు దారిలో ఒక్క అరగంట కోట దగ్గర ఆగండి. పిల్లలను దింపి ఆ గోడ తాకించండి.